వెలిసిన నీలం

రంగులక్క చేతులు చూస్తే ఆ రోజు కొట్లో ఏ రంగు కాగిందో వీధిలో ఎవరికైనా తెలిసిపోయేది. మోచేతుల దాకా ఆకుపచ్చ ఉంటే ఆసుపత్రి పరదాలు వచ్చాయని, ఎర్రగా ఉంటే నాటకాలవాళ్ళ తెర తయారవుతోందని అర్థం. కూరలమ్మే ఆమె చిల్లర చేతిలో పెడుతూ "ఇవాళ ఊదానా అక్కా?" అని పలకరించేది. ఆ రంగులు సబ్బుకు లొంగేవి కావు. పాత రంగు వదలకముందే కొత్తది ఎక్కేది. అందుకే ఆమె గోళ్ళ చుట్టూ ఎప్పుడూ పేరు పెట్టలేని ఒక నలుపు ఉండేది.

ఊళ్ళు పట్టుకు తిరిగే నా రోజుల చివర్లో, మోకాళ్ళు ఇంక చాలన్నా మనసు ఊరుకోని కాలంలో, ఆ కొట్టు మీది గదిలో అద్దెకున్నాను. కింద తొట్టెలు కాగుతుంటే చెక్క నేల సందుల్లోంచి ఆవిరి పైకొచ్చేది. నా పుస్తకాలన్నీ ఉప్పు, సోడా వాసన పట్టాయి. కొన్నిటి అట్టలు తమ రంగు మరిచిపోయి కొట్టు రంగు నేర్చుకున్నాయి. రంగులవాళ్ళ వీధులు నాకు కొత్త కాదు. ఒక ఊళ్ళో మురుగుకాలవ ఉదయం పసుపుగా, సాయంత్రం నీలంగా పారడం చూశాను. ఇంకో ఊళ్ళో పావురాల కాళ్ళు గులాబీ రంగులో ఉండేవి. అక్కడి పిల్లలు పావురాలంటే అలాగే ఉంటాయనుకునేవాళ్ళు. అయినా, రంగులు అద్దేవాళ్ళని ఎందరిని చూసినా, వేసిన రంగును పనిగట్టుకుని తీసిన మనిషిని మాత్రం ఒక్కరినే చూశాను. ఈ కథ ఆవిడదే.

కొట్టు ఆమె మామగారు పెట్టింది. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడికి, అంటే రంగులక్క భర్తకి, రంగునీళ్ళు తగిలితే చాలు, చేతులు దద్దుర్లెక్కి పూరీల్లా పొంగేవి. అతను లారీ ఎక్కాడు. ఇంట్లో కంటే రోడ్డు మీద ఎక్కువ ఉండేవాడు. చిన్నవాడి చేతులు నిక్షేపంగా ఉన్నాయి, కాని వాటికి పని చెప్పడం అతనికి ఇష్టం లేదు. నోరు మాత్రం క్షణం ఖాళీగా ఉండదు. ముసలాయన దిగాలుగా ఉన్న రోజుల్లో, కొత్తగా కాపురానికొచ్చిన కోడలు ఒకనాడు మంచినీళ్ళు తెచ్చిచ్చి, తొట్టిలోకి తొంగిచూసి "మామయ్యా, ఇంకో పొంగు రానిస్తే నిన్నటి దాంతో కలుస్తుందేమో" అందట. ఆయన ఒక పొంగు రానిచ్చాడు. గుడ్డ తీసి నిన్నటి దాని పక్కన పెట్టాడు. కలిపే కర్ర ఆమె చేతికిచ్చాడు.

ఆ కర్ర ఆమె దింపలేదు. చిన్నవాడు, అంటే ఆమె మరిది, బల్ల దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళతో మాట్లాడే పని తీసుకున్నాడు. అది కూడా పనే, కాదనను. ముసలాయన పోతూ పోతూ వదిలివెళ్ళిన రేకు బోర్డు గుమ్మం మీద ఉండేది. "ఇక్కడ వేసిన రంగు పోదు" అని దానిమీద రాసుంది. మరిది పొద్దున్నే కొట్టు తీశాక ముందు ఆ బోర్డు తుడిచేవాడు, ఆ తర్వాతే మొహం కడుక్కునేవాడు. ఎవరైనా బేరమాడితే మాట్లాడకుండా వేలు పైకి చూపించేవాడు. అతను మాట్లాడకుండా చేసే పని అదొక్కటే.

ఇక ఫుట్‌బాల్ సంగతి. వీధి చివర మైదానం, దాని చుట్టూ ఇనుప కంచె ఉండేవి. లోపల పిల్లల క్లబ్బు. నేను తిరిగిన ప్రతి చోటా కంచెలున్నాయి, ఆ కంచె గళ్ళలో ముక్కు దూర్చి లోపలి బంతిని చూసే పిల్లలూ ఉన్నారు. బూట్లకి, ఫీజుకి ఇంట్లో వీలుకాని పిల్లల ముక్కు మీద ఏ ఊళ్ళోనైనా ఆ గడి గుర్తే పడుతుంది. ఈ క్లబ్బువాళ్ళు మంచివాళ్ళు. ప్రతి ఏడాదీ కొందరు పిల్లల్ని ఫీజు లేకుండా లోపలికి పిలిచేవాళ్ళు. బూట్లు ఎవరిదగ్గరో అడిగి తెచ్చేవాళ్ళు. ఇదంతా చూసుకునేది క్లబ్బు సెక్రటరీ, మందుల షాపాయన. ఎప్పుడూ హడావుడిగా ఉండే మంచి మనిషి. జేబులో పెన్నుండగానే పెన్ను కోసం వెతుక్కునే రకం.

క్లబ్బు చొక్కాలు ముదురు నీలం. ఏటా తెల్ల నూలు చొక్కాలు కొని రంగులక్క దగ్గర నీలం వేయించి, పక్క వీధి అచ్చుపనివాడి దగ్గర తెల్లగా అంకెలు కొట్టించేవాళ్ళు. కొత్త చొక్కాలు ఫీజు కట్టిన పిల్లలకి. వాళ్ళు తిరిగిచ్చిన నిరుటి చొక్కాలు ఫీజు లేని పిల్లలకి. ఇందులో ఎవరూ చెడు తలపెట్టలేదు. బాగున్న గుడ్డ పారేయడం ఎందుకన్నారు, అంతే. కాని ఏడాదంతా చెమటలో నాని, వారం వారం ఉతుకులు తిన్న నీలం నీలంగా ఉంటుందా? మైదానంలో రెండు నీలాలయ్యాయి. సాధన ఆటకి రెండు జట్లు కావాలి కదా, కోచ్‌కి అది చేతికందిన సదుపాయమైంది. "ముదురోళ్ళు ఇటు, వెలిసినోళ్ళు అటు!" అని ఈల ఊదేవాడు. పేర్లు పిలిచే శ్రమ తప్పింది.

కొట్టుకి ఆనుకునే ఇస్త్రీ బండి ఉండేది. ఇస్త్రీ ఆమె రంగులక్కని సొంత అక్కలాగే చూసేది. రంగు వేసిన గుడ్డలు ఆరాక ఆమె బండి మీదికే వెళ్ళేవి. ఆమె కూతురు పదేళ్ళ పిల్ల. మోకాళ్ళు పైకి, మిగతా పిల్ల కిందికి అన్నట్టు ఉండేది. నడవడం అరుదు, గెంతడమే. వీధంతా మిడత అని పిలిచేది. కంచె బయట ముక్కు మీద గడి గుర్తు వేసుకున్న పిల్లల్లో అదొకటి. నిరుడు ఫీజు లేకుండా లోపలికి పిలిచారు. ఒక ఏడాది ఎగిరెగిరి ఆడింది. ఈ ఏడు మళ్ళీ పిలిచి, మళ్ళీ ఎవరో విడిచిన చొక్కా ఇచ్చారు. అది తీసుకొచ్చి మడతపెట్టి బండి కింద పెట్టేసింది. ఆ సాయంత్రం నుంచి మైదానం వైపు పోలేదు.

ఇస్త్రీ ఆమె ఆ చొక్కా కొంగు చాటున పెట్టుకుని కొట్లోకి వచ్చిన మధ్యాహ్నం నేను అక్కడే బల్ల మీద కూర్చుని మరిది చెప్పే సంగతులు వింటున్నాను.

"అక్కా, దీన్ని కాస్త ముదురు చేసిపెట్టవా? ఊరికే వద్దులే."

"ఊరికే కాకపోతే ఏమిస్తావే, నా చీరలకి రోజూ ఇస్త్రీ చేస్తావా?" అంది రంగులక్క, చొక్కా వెలుగులోకి పట్టుకుని.

"నీ చీరలకి ఇస్త్రీ ఎందుకక్కా, రంగు నీళ్ళకే గంజి పెట్టినట్టు నిలబడతాయి."

మరిది నవ్వి "తేలికే కదా వదినా, ఒక్క ముంపు" అన్నాడు.

రంగులక్క తొట్టెలు తుడిచే గుడ్డ అందుకుంది. అది ఒకప్పటి క్లబ్బు చొక్కాయే. దాని మీద పాత అంకె సగం ఇంకా ఉంది. ఆ గుడ్డని వేడి నీలంలో ముంచి కాసేపాగి కర్రతో పైకెత్తింది. అంకె బీటలు వారింది. బీటల్లోకి నీలం దిగి, తెలుపు అంతా పాచి పట్టిన గోడలా అయింది.

"గుడ్డ ఒప్పుకుంటుంది, అచ్చు ఒప్పుకోదు. అంకె కొట్టాక మళ్ళీ రంగు వెయ్యలేమే చెల్లీ."

ఇస్త్రీ ఆమె ఆ పాచి అంకెని చూసి "ఇది తొడిగితే ఇంకా నవ్వుతారు" అంది. చొక్కా మళ్ళీ కొంగు చాటుకి తీసుకుంది. "పోనీలే అక్కా. కొత్త చొక్కాలు పంచే ఆదివారం దాకా చూస్తారట. అప్పటికీ రాకపోతే దీని చోటు ఇంకో పిల్లకిస్తారట. న్యాయమే. కంచె బయట ఎంతమంది లేరు! ఆట లేకపోతే అన్నం అరగదా?"

ఆ చివరి మాట ఆమె నమ్మి అన్నది కాదని మా ముగ్గురికీ తెలుసు. 

సాయంత్రం రంగులక్క గుడ్డలు ఇవ్వడానికి బండి దగ్గరికి వెళ్ళింది. బండి వెనక సందులో మిడత చుట్టచుట్టిన మేజోళ్ళ జతని మోకాలి మీద ఎగరేస్తోంది. మోకాలు, పాదం, మళ్ళీ మోకాలు. ఎవరివో ఇస్త్రీకొచ్చిన మేజోళ్ళు, కింద పడనిస్తే ఒట్టు. మనిషి అలికిడి వినగానే వాటిని జేబులో కుక్కేసింది. నేను కిటికీలోంచి చూస్తున్నాను. ఎక్కడున్నా నాకు కిటికీ ఉంటే చాలు, అదొక రోగం.

"ఏమే మిడతా, మైదానానికి పోవట్లేదట?"

"కడుపునొప్పి పెద్దమ్మా."

"రోజూనా?"

"సాయంత్రాలే."

"అలాగా. మేజోళ్ళకి మాత్రం నొప్పి లేదు పాపం, బాగానే ఎగురుతున్నాయి."

పిల్ల నవ్వు ఆపుకోబోయి ఆపుకోలేకపోయింది. తర్వాత గోడకి ఆనుకుని కాలి బొటనవేలితో మట్టి గీకుతూ అంది. "చొక్కా పాతదని కాదు పెద్దమ్మా. ఇంట్లో అన్నీ పాతవేగా. సార్ జట్లు చేసేటప్పుడు పేరు పిలవడు. వెలిసినోళ్ళు అటు అంటాడు. నేను గోల్ కొట్టినా అటే, కొట్టకపోయినా అటే. నిరుడు ఒకసారి మా వైపు మనుషులు తక్కువైతే ముదురోళ్ళలో ఒకడిని పంపాడు. వాడు ఏడ్చాడు."

"ఏడ్చాడా?"

"నిజంగా. మా వైపుకి రావడానికి."

 రంగులక్క పిల్ల జేబులోంచి మేజోళ్ళు తీసి దులిపి బండి మీద పెట్టి, దాని భుజం తట్టింది. దాని తెల్లచొక్కా భుజం మీద ఆమె నాలుగు వేళ్ళూ లేత నీలంగా పడ్డాయి.

రెండు రోజులు పోయాక మందుల షాపాయన కొత్త చొక్కాల మూట పంపించాడు. తనే వెనకాల పరుగున వచ్చి "పోయినేడాది లాగేనమ్మా, ముదురుగా! ఆదివారానికి అంకెలతో సహా చేతికి రావాలి. నా పెన్నేదీ?" అని, జేబులో ఉందని మరిది చూపిస్తే తీసుకుని వెళ్ళిపోయాడు.

చొక్కాలకి నీలం ఎక్కింది. ఆ సాయంత్రం నేను మెట్ల మీద నిలబడి చూశాను. అవి తొట్టిలోంచి వస్తుంటే వాన ముందటి ఆకాశం ముక్కలుగా తీస్తున్నట్టుంది. అంతవరకూ అంతా మామూలే.

మర్నాడు గుడ్డలు ఆరేసే డాబా మీదికి నేను గాలి కోసం వెళ్ళాను. డాబాకి ఒకవైపు రేకుల నీడ, ఒకవైపు ఎండ. రంగులవాళ్ళు నీడనే ఆరేస్తారు. అది వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేని సంగతి. ఎండ రంగును తాగేస్తుంది. ఏ ఊళ్ళో చూసినా నీడ తాళ్ళ మీదే రంగు గుడ్డలు, ఎండ తాళ్ళ మీద తెల్ల గుడ్డలు. ఇక్కడ నీడ తాడు ఖాళీగా ఉంది. నీలం చొక్కాలన్నీ నడి ఎండలో, భుజాలు సూర్యుడికేసి తిప్పుకుని వరసగా వేలాడుతున్నాయి. పక్కన గంగాళంలో సోడా నీళ్ళు పొగలు కక్కుతున్నాయి. మేకుకి ఒక చొక్కా, ఎప్పుడు అడిగి తెచ్చిందో మిడతది, విడిగా తగిలించి ఉంది. రంగులక్క ఒక్కో చొక్కా తీసి, సోడా నీళ్ళలో ఆడించి, పిండి, దులిపి, మేకు చొక్కా పక్కన పెట్టి చూసి, మళ్ళీ ఎండలో వేస్తోంది.

నేను గబగబా దగ్గరికి వెళ్ళాను. "అమ్మాయ్, ఏం చేస్తున్నావు?"

ఆమె ఉలిక్కిపడలేదు. "మెల్లిగా అన్నయ్యా. కింద మరిది ఉన్నాడు."

"మతి పోయిందా నీకు? రంగంతా పోతోంది."

"పోవట్లేదు. తీస్తున్నాను." కొంగుతో నుదురు తుడుచుకుంది. నుదురు నీలమైంది. "పాతవాటిని కొత్తవాటితో కలపలేను, అంకె ఉంది. కొత్తవాటికి ఇంకా అంకె కొట్టలేదు. ఇవే దిగి రావాలి."

"క్లబ్బువాళ్ళు ఊరుకుంటారా?"

"ఊరుకోరు. మళ్ళీ ముంచమంటారు. అప్పటికి అంకె కొట్టేసి ఉంటుంది."

నేను ఆమె మొహంలోకి చూశాను. తాళం వేసి, తాళంచెవి నూతిలో పడేసిన పిల్లదాని మొహంలా ఉంది.

"మీ బోర్డు మాటేమిటి? నీ పేరేమవుతుంది?"

ఒక చొక్కా చంక భాగం వేళ్ళతో సవరించి, అక్కడ ఎండ పడకుండా చెయ్యి మడిచి పిన్ను పెట్టింది. "ఇక్కడ పాతవి ఇంకా ముదురుగానే ఉన్నాయి అన్నయ్యా, చంకల్లో ఎండ తగలదుగా" అంది ముందు. తర్వాత, నా మాటకి జవాబుగా కాదు, తనలో తాను అనుకుంటున్నట్టు, "ఒకే తొట్టిలో గుడ్డలు రెండు రంగులుంటే నాకు నిద్ర పట్టదు" అంది.

ఎవరికీ చెప్పొద్దంది. చెబితే మొదటికే మోసం. ఫలానా పిల్లల కోసం ఇలా చేశామంటే, ఆ ఫలానా పిల్లలు మళ్ళీ వేరేగానే నిలబడతారు. మాట దాచుకోవడం నాకు బొత్తిగా అలవాటు లేని పని. ఆ వారమంతా నోట్లో వేడి బంగాళాదుంప పెట్టుకున్నవాడిలా తిరిగాను. మరిదికి కీళ్ళనొప్పుల సాకు ఉంది, మెట్లెక్కడు. చొక్కాలు సిద్ధమయ్యాక, అతను టీకి వెళ్ళిన సమయం చూసి ఆమె మూట కట్టి తనే అచ్చుపనివాడికి ఇచ్చి వచ్చింది. ఇస్త్రీ ఆమెతో ఒక్క మాట చెప్పింది. "ఆదివారం ఒక్కరోజు పంపించవే. నచ్చకపోతే మళ్ళీ పంపకు. కడుపునొప్పికి నేను పూచీ."

సోమవారం పొద్దున్న మందుల షాపాయన వచ్చాడు. చేతిలో కొత్త చొక్కా, మొహంలో నెత్తురు చుక్క లేదు. కోప్పడటం అలవాటు లేని మనిషికి కోపం వస్తే అంతే, చూసేవాళ్ళకే జాలేస్తుంది.

"ఏంటమ్మా ఇది? కొత్త చొక్కాలంటే పాత గుడ్డల్లా ఉన్నాయి! తల్లిదండ్రులంతా నా మీద పడ్డారు. ఫీజు కట్టిన పిల్లలకి ఇవా ఇచ్చేది అని ఒకాయన నా మొహాన విసిరాడు."

మరిది బల్ల మీదినుంచి లేచాడు. "ఆగండి సార్, ఆగండి. ఇది మా నీలం కాదు. మా నీలం చచ్చినా ఇలా ఉండదు. అచ్చువాడు ఏదో చేసుంటాడు. మా బోర్డు చూశారా? మా నాన్న..." అంటూ వేలు పైకెత్తాడు.

"మా నీలమే" అంది రంగులక్క లోపలినుంచి వస్తూ. "తప్పు నాదేనండీ. ఈసారి సరిగ్గా కుదరలేదు."

మరిది వేలు అలాగే గాలిలో ఉండిపోయింది.

"మరి మళ్ళీ వేసివ్వండి" అన్నాడాయన.

"అంకె కొట్టేశారండి. మళ్ళీ ముంచితే తెలుపు చెడుతుంది." తుడిచే గుడ్డ తెచ్చి, పాచి అంకె చూపించింది. "నా కూలి మీరివ్వొద్దు."

"కూలి సంగతి కాదమ్మా..." ఆయన కూర్చున్నాడు, లేచాడు, పెన్ను వెతుక్కున్నాడు. "ఇన్నేళ్ళ నుంచి మీ దగ్గరే కదా. రంగు తగ్గించి మిగుల్చుకుందని కూడా అంటున్నారు, నేను నమ్మలేదు. కాని వచ్చే ఏడు వేరే చోట చూసుకోమని గట్టిగా అంటున్నారు. ఏం చెప్పను నేను?"

"అలాగేనండీ."

రంగులవాళ్ళని రంగు మిగుల్చుకున్నారనడం వంటమనిషిని ఎంగిలి పెట్టిందన్నట్టే. ఆమె చెవి తమ్మె ఒక్కసారి ఎర్రబడింది. అంతకు మించి ఏమీ కనబడలేదు. ఆమె లోపలికి వెళ్ళి తొట్టి కింద మంట సరిచేసింది.

ఆయన వెళ్ళాక మరిది చాలాసేపు బల్ల దగ్గర నిలబడ్డాడు. తర్వాత స్టూలు వేసుకుని, కీళ్ళనొప్పులు మరిచిపోయి, పైకెక్కి బోర్డు దింపాడు. దింపి, తుడిచి, మొహం గోడవైపు తిప్పి పెట్టాడు.

"వదినా, నిజం చెప్పు. ఒంట్లో బాలేదా? కళ్ళు మసకగా ఉంటున్నాయా?"

"లేదు మరిదీ."

"మరెలా జరిగింది? నువ్వు నిద్రలో ముంచినా ఇలా రాదే!"

ఆమె తొట్టి వైపు తిరిగి కర్ర అందుకుంది. అతను ఆ పూట అన్నం దగ్గర కూడా మాట్లాడలేదు. మాట్లాడని మరిదిని చూడటం అలవాటు లేక వచ్చినవాళ్ళు కొట్టు మూసేశారేమో అనుకుని వెళ్ళిపోయారు. వార్త వీధి దాటింది. ఆసుపత్రి పరదాలు ఆ నెల వేరే కొట్టుకి వెళ్ళాయి. రంగులక్క చేతులు మొదటిసారి తమ అసలు రంగుకి దగ్గరగా వచ్చాయి. కూరలమ్మే ఆమె ఏ రంగు పేరు అడగాలో తెలియక ఊరికే చిల్లర ఇచ్చింది.

వారం తిరగకముందే మరిది ఒక సాయంత్రం మెట్ల కింద నిలబడి నన్ను కేకేశాడు. "బాబాయ్, నాతో రా. మైదానానికి పోయి ఆ తల్లిదండ్రుల్ని నేనే క్షమించమని అడుగుతాను. వదిన అడగదు. నాన్న పేరు పోయాక నాకు నిద్ర రావట్లేదు."

వెళ్ళాం. కంచె పక్క బెంచీల మీద తల్లులు, తండ్రులు ఉన్నారు. వాళ్ళలో కొందరు ఇంకా సణుగుతున్నారు, కొందరు అప్పుడే వేరే సణుగుళ్ళలోకి మారారు. మైదానం మధ్యలో పిల్లలు గుంపుగా ఉన్నారు. కోచ్ ఈల నోట్లో పెట్టుకుని, తీసి, ఎప్పటిలా చెయ్యెత్తి "వెలిసినోళ్ళు..." అన్నాడు.

అని, ఆగాడు.

పిల్లలంతా అతనివైపు చూశారు. ఎవరూ కదలలేదు. అతను ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు. తల గోక్కున్నాడు. ఎవడో "అందరం వెలిసినోళ్ళమే సార్!" అని అరిచాడు. గుంపంతా పడీపడీ నవ్వింది. ఆ నవ్వులో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని అందరికంటే వంగిపోయి నవ్వుతున్న పిల్లని చూసి, అది మిడత అని నేను కాసేపటికి గాని గుర్తుపట్టలేదు.

"సరే, ఒక్కొక్కరూ పేరు చెప్పండి" అన్నాడు కోచ్. పేరు చెప్పిన పిల్లని ఒకరిని ఇటు, ఒకరిని అటు పంపించాడు. మిడత వంతు వచ్చింది. పేరు చెప్పింది. నాకప్పటిదాకా తెలియని, దాని అసలు పేరు. అంత గట్టిగా చెప్పింది, కంచె దాకా వినిపించింది. "ఇటు" అన్నాడు. అది ఒక్క గెంతు గెంతి ఇటు వచ్చింది.

మరిది క్షమాపణ మాట మరిచిపోయాడు. కళ్ళు చికిలించి చూస్తున్నాడు. నోటితో పని చేసేవాడే గాని, ముసలాయన కొడుకు, కన్ను మాత్రం తండ్రిదే. బంతి కంచె దగ్గరికి దొర్లి వస్తే, తీయడానికొచ్చిన కుర్రాణ్ణి ఆపి చొక్కా చెయ్యి పట్టుకుని చూశాడు. గుడ్డ కొత్తది. ఇంకొకడు వచ్చాడు. గుడ్డ పాతది, మెత్తబడింది. రెండు చేతులూ పక్కపక్కన పెట్టాడు. భుజాలు చూశాడు, చంకలు చూశాడు. "అంకుల్, వదలండి, ఆట!" అంటూ ఇద్దరూ చేతులు విడిపించుకుని పారిపోయారు.

అతను మెల్లిగా బెంచీ మీద కూర్చున్నాడు.

"బాబాయ్, ఇది పొరపాటు కాదు. పొరపాటు ఇంత నీటుగా రాదు."

నేను నోట్లో బంగాళాదుంప ఎట్టకేలకు మింగేశాను.  చెప్పాల్సింది మిగల్లేదు.

"ఈ రంగు తేవడానికి ముదురు నీలానికి రెండింతలు పని" అన్నాడు. మైదానంలో మిడత బంతి తోసుకుంటూ, ఇద్దరిని తప్పించి, నిన్నటిదాకా ముదురోడైన ఒకడికి అందించింది. వాడు దానికి తిరిగి అందించాడు. పక్కనున్న ఒక తండ్రి సణిగాడు. "చూశారా, ఎంత దిక్కుమాలిన రంగో! మా వాడెవడో కూడా తెలియట్లేదు."

"తెలియదండీ" అన్నాడు మరిది. "క్షమించండి. మా కొట్టు రంగే అది."

ఇంటికొచ్చాక అతను తొట్టి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"భుజాలు కూడా కలిపావే వదినా."

ఆమె కలిపే కర్ర ఆగింది. ఒక్క క్షణం నావైపు అనుమానంగా చూసింది. నేను రెండు చేతులూ ఎత్తాను. "ఎండే కలిపింది" అంది.

"చంకలు?"

"పిన్ను పెట్టాను."

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెబితే నువ్వు ఎవరికీ చెప్పేవాడివి కాదా?"

అతను ఆలోచించి, నిజాయితీగా, "మధ్యాహ్నం దాకా ఆగేవాణ్ణి" అన్నాడు. ఆమె నవ్వింది. ఆ సోమవారం తర్వాత ఆ కొట్లో మొదటి నవ్వు అదే.

బోర్డు మాత్రం మళ్ళీ పైకెక్కలేదు. ఎందుకని అడిగితే "నాన్న రాసింది అబద్ధం కాదు. కాని ఇప్పుడు చదివినవాళ్ళు నవ్వుతారు. నిజం చెబుదామంటే పిల్లలున్నారు" అన్నాడు. గుమ్మం మీద అది ఉన్నచోట గోడ సున్నం కొత్తగా, తెల్లగా, నలుచదరంగా మిగిలింది. పొద్దున్నే అతను అలవాటు కొద్దీ ఆ ఖాళీ చోటునే ఒకసారి తుడిచి లోపలికొచ్చేవాడు. ఆసుపత్రి పరదాలు కొన్నాళ్ళకి వెనక్కి వచ్చాయి, నాటకాల తెర రాలేదు. ఆ ఏడు వాళ్ళు కాస్త సన్నగానే గడిపారు. రంగులక్క దాని గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

మళ్ళీ ఆట కాలం వచ్చింది. నేను పెట్టె సర్దుకుంటున్న రోజులవి. కాళ్ళు మళ్ళీ దురదపెట్టాయి. వేరే కొట్టు చూసుకుంటామన్న మందుల షాపాయన చొక్కాల మూటతో గుమ్మంలో తచ్చాడుతూ కనబడ్డాడు.

"అదీ, ఏంటంటే... పోయినేడాదివి చాలా చొక్కాలు బాగానే ఉన్నాయి. పారేయలేం కదా. అవతలి కొట్టువాళ్ళని ఈ రంగుకి కలపమంటే రెండుసార్లు వేసి రెండుసార్లూ తేడా తెచ్చారు. పిల్లలు కూడా ఈ నీలమే కావాలంటున్నారు, మైదానంలో వాళ్ళ పేరే వెలిసినోళ్ళయిపోయింది. పక్క క్లబ్బువాళ్ళు కూడా అలాగే పిలుస్తున్నారు. పోయినసారి పొరపాటున వచ్చిన ఆ రంగు మళ్ళీ... తెప్పించగలరా?"

రంగులక్క తల వంచుకుని నీళ్ళు కలుపుతోంది. మరిది బల్ల మీద మోచేతులు ఆనించి, ఎంతో సాలోచనగా మొహం పెట్టాడు.

"అది కష్టమైన రంగండీ" అన్నాడు. "అందరికీ కుదరదు. ప్రయత్నిస్తాం."

నేను ఆ ఊరు వదిలిన పొద్దున్న మిడత బండి పక్కన కొత్త ఏడాది చొక్కా తొడుక్కుని నిలబడి ఉంది. పాతది పొట్టిదైపోతే తిరిగిచ్చేసి, కొత్తవీ పాతవీ కలిపిన గుట్టలోంచి ఇంకోటి తీసుకుందట. అది ఎవరో విడిచిందో, కొత్తదో అని వాళ్ళమ్మ గుడ్డ తడిమి చూడబోయింది. పిల్ల చెయ్యి తోసేసి "ఏదైతే ఏంటమ్మా, ఆలస్యమవుతోంది" అని గెంతుకుంటూ పోయింది.

పైన డాబా మీద ఎవరో ఆయాసపడుతూ తిట్టుకుంటున్న చప్పుడు వినబడి తలెత్తి చూశాను. మరిది. మెట్లెక్కనివాడు, రెండో విడతగా వచ్చిన తడి నీలం చొక్కాలు రెండు చేతుల నిండా మోసుకొచ్చి, నీడ తాడు దాటి, ఎండ తాడు మీద ఆరేస్తున్నాడు. మోచేతుల దాకా నీళ్ళు కారుతున్నాయి.

"భుజాలు ఎండకి తిప్పు మరిదీ" అని కిందినుంచి ఆమె కేక.

"తెలుసు వదినా, తెలుసు! చంకలకి పిన్నులేవీ?"